కాస్టిక్ సోడాతో ఇంట్లో మొదటిసారి సబ్బు: డబ్బా మూత తీయడానికే భయంగా ఉంది

తొలకరిచినుకు
4 జనవరి, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. సబ్బు చేద్దామని సామాన్లన్నీ కొని పది రోజులైంది. కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, ఆముదం, గ్రాముల్లో తూచే కాటా, సిలికాన్ అచ్చు, చేతి బ్లెండర్ అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దిపెట్టాను. కాస్టిక్ సోడా డబ్బా మాత్రం అటక మీద ఉంది. రోజూ దింపుతాను. దాని మీద చెయ్యి కాలిపోతున్నట్టు ఒక బొమ్మ ఉంటుంది కదా, అది చూడగానే మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, అదొక టెన్షన్.

నాకు రెండు సందేహాలు. ఒకటి, ఈ కాస్టిక్ సోడా లేకుండా సబ్బు చేయలేమా? రెండు, నేను చూసిన రెండు వీడియోల్లో అర కిలో నూనెకి ఒకరు 70 గ్రాముల సోడా వేశారు, ఇంకొకరు 87 గ్రాములు వేశారు. ఎవరిది సరైన లెక్క? 17 గ్రాముల తేడా అంటే చిన్నది కాదనిపిస్తోంది.

లెక్కలమాస్టారు
4 జనవరి, రాత్రి 10:05

తొలకరి గారూ, ముందు రెండో ప్రశ్నకి చెప్తాను, మీ భయం తగ్గేది అక్కడే. ఇద్దరిదీ సరైన లెక్కే అయి ఉండొచ్చు. 87 వేసినవారు అర కిలో అచ్చంగా కొబ్బరి నూనె తీసుకుని ఉంటారు. 70 వేసినవారు ఆలివ్ ఎక్కువ, కొబ్బరి తక్కువ కలిపి ఉంటారు. ఒక్కో నూనె సబ్బుగా మారడానికి ఒక్కో లెక్కలో సోడా అడుగుతుంది.

నూనె అణువంటే గ్లిజరిన్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉన్నది. సోడా ఆ అతుకు విడగొడుతుంది. కొవ్వు ఆమ్లం సోడియంతో కలిసి సబ్బవుతుంది, గ్లిజరిన్ విడిపోయి ఆ సబ్బులోనే ఉండిపోతుంది. కొవ్వుల్లో ఉండేది ఇదని తేల్చినవాడు షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. ఆ పరిశోధనని 1823లో ప్రచురించాడు. అంతకుముందు శతాబ్దాల తరబడి సబ్బు చేసినవాళ్ళకి చేతి వాటం తెలుసు గానీ లోపల జరిగేది తెలియదు. కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి. పొట్టివి కాబట్టి ఒక గ్రాములో ఎక్కువ సంఖ్యలో పడతాయి, ఎక్కువ సోడా తీసుకుంటాయి.

ఒక్క గ్రాము నూనెకి పట్టే సోడా ఇలా ఉంటుంది: కొబ్బరికి 0.183, ఆలివ్‌కి 0.135, ఆముదానికి 0.128. మీ దగ్గరున్న మూడింటితో లెక్క వేసి చూపిస్తాను.

కొబ్బరి 150 గ్రాములు × 0.183 = 27.45
ఆలివ్ 300 గ్రాములు × 0.135 = 40.5
ఆముదం 50 గ్రాములు × 0.128 = 6.4
మొత్తం 74.35 గ్రాములు

ఇంత సోడా వేస్తే నూనె మొత్తం సబ్బైపోతుంది. మనం అలా వేయం. నూటికి ఐదు పాళ్ళు తగ్గించి వేస్తాం, అంటే 70.6. మీరు 70 తీసుకోండి. ఆ తగ్గించినదాన్నే సూపర్‌ఫ్యాట్ అంటారు. కొంచెం నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది, సోడా మాత్రం మిగలదు. నీళ్ళు సోడాకి రెట్టింపు, 140 గ్రాములు. నీళ్ళు కూడా కాటా మీద తూచండి, గ్లాసులతో కొలవకండి.

మొదటి ప్రశ్నకి జవాబు: చేయలేం. కరిగించి అచ్చులో పోసుకునే సబ్బు దిమ్మెలు దొరుకుతాయి, వాటితో సోడా ముట్టుకోకుండా పని అవుతుంది. కానీ ఆ దిమ్మెని కూడా ఎవరో ఒకరు క్షారంతో చేసినదే.

చిట్టిగరిటె
5 జనవరి, ఉదయం 6:50

చెల్లీ, భయం ఉండటం మంచిదే, పోగొట్టుకోవద్దు. నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను, ఇప్పటికీ కళ్ళకి పక్కలు మూసి ఉండే గాగుల్స్ లేకుండా డబ్బా మూత తీయను. చూపు కోసం పెట్టుకునే కళ్ళజోడు దీనికి పనికిరాదు, పక్కనుంచి చుక్క ఎగిరిపడుతుంది. మోచేతి దాకా వచ్చే గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకి మూసి ఉన్న చెప్పులు వేసుకో. జుట్టు ముడి వేసుకో.

ఇప్పుడు చెప్పేది ఎప్పటికీ మరిచిపోకు. సోడాని నీళ్ళలో వేయాలి. నీళ్ళని సోడా మీద పోయకూడదు. సోడా కరిగేటప్పుడు చాలా వేడి పుడుతుంది. చన్నీళ్ళు తీసుకున్నా చూస్తుండగానే 80, 90 డిగ్రీలకి పోతుంది. ఎక్కువ నీళ్ళలో కొద్దికొద్దిగా సోడా పడితే ఆ వేడిని నీళ్ళు మోసుకుంటాయి. సోడా కుప్ప మీద నీళ్ళు పడితే అక్కడికక్కడే మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. మొదటి నిమిషం ఘాటు ఆవిరి కూడా వస్తుంది. కిటికీ పక్కన నిలబడి చెయ్యి, గిన్నె మీదకి వంగొద్దు.

గిన్నె స్టీలుదే కావాలి, లేదా గట్టి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బా, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. గాజు వద్దు, సోడా లోలోపల అరగదీసి ఒకరోజు వేడికి పగిలిపోతుంది. అల్యూమినియం అసలే వద్దు. మొదటి ఏడాది నేను తొందరలో చేతికందిన గరిటె తీసుకుని సోడా నీళ్ళలో పెట్టాను. రెండు క్షణాల్లో బుసబుసమని పొంగింది, గరిటె చుట్టూ నల్లటి నురగ. అది హైడ్రోజన్, మండే వాయువు. గిన్నెని అలాగే వదిలేసి బయటికి వెళ్ళి నిలబడ్డాను. కాసేపయ్యాక వచ్చి చూస్తే గరిటె ముఖమంతా గుంటలు పడి ఉంది. ఆ గరిటె ఇప్పటికీ నా దగ్గరే ఉంది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి ముందు అదే చేతికిస్తాను.

పాప నిద్రపోయాకో, ఇంట్లో లేనప్పుడో పెట్టుకో. ఎవరైనా తలుపు తట్టినా గిన్నె వదిలి కదలకు.

నీలిమేఘం
5 జనవరి, ఉదయం 9:15

పక్కన ఒక సీసాలో వెనిగర్ కూడా పెట్టుకోండి. ఒంటి మీద పడితే వెంటనే పోస్తే విరుగుడుగా పనిచేస్తుందని విన్నాను.

ఆవిరి
5 జనవరి, ఉదయం 9:40

నీలిమేఘం గారూ, దయచేసి అలా చేయకండి. ఆమ్లం, క్షారం కలిస్తే మళ్ళీ వేడి పుడుతుంది, అదీ అప్పటికే కాలిన చర్మం మీద. పైగా వెనిగర్ వెతికే ఆ పది సెకన్లలో సోడా లోపలికి దిగుతూనే ఉంటుంది. ఒంటి మీద పడితే తడిసిన బట్ట తీసేసి కుళాయి కింద ధారగా నీళ్ళు వదలాలి, కనీసం 15, 20 నిమిషాలు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని నీళ్ళు పోస్తూనే ఉండాలి, ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వెనిగర్ పని అంతా అయ్యాక బల్ల తుడవడానికి. నేను వైద్య రంగంలోనే ఉన్నాను, కాలిన చేతులు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నీలిమేఘం
5 జనవరి, ఉదయం 9:52

తెలియక రాశాను, మన్నించండి. ఇన్నాళ్ళూ నేనూ అదే చేద్దామనుకుంటున్నాను. మంచిపని చేశారు చెప్పి.

తొలకరిచినుకు
5 జనవరి, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, ఆ లెక్క కాగితం మీద నేనే మళ్ళీ వేసుకున్నాను, సరిపోయింది. ఏదో తెలియని మందు కలుపుతున్నట్టు ఉండేది ఇన్నాళ్ళూ. కొలత ఎందుకంతో తెలిశాక కొంచెం ధైర్యం వచ్చింది. గరిటె అక్కకి ప్రత్యేకంగా దండాలు.

ఇంకో చిన్న సందేహం. బట్టల సోడా, వంట సోడా, కాస్టిక్ సోడా అన్నీ సోడాలే కదా. బట్టల సోడా అయితే ఇంత ప్రమాదం ఉండదు. దాంతో అవదా?

లెక్కలమాస్టారు
5 జనవరి, మధ్యాహ్నం 2:10

అవదండీ. పేరు ఒకటే, పదార్థాలు వేరు. వంట సోడా సోడియం బైకార్బనేట్, బట్టల సోడా సోడియం కార్బనేట్. ఈ రెండింటికీ మామూలు వంటింట్లో నూనె అతుకు విడగొట్టే శక్తి లేదు. మనకి కావలసింది సోడియం హైడ్రాక్సైడ్. డబ్బా మీద ఆ పేరు, శుద్ధత 98 శాతం దగ్గర ఉందో లేదో చూసుకోండి. మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడి కొనకండి, కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కలిపి ఉంటాయి. మూత గట్టిగా బిగించి ఉంచండి. గాలి తగిలితే చెమ్మ పీల్చుకుని రేకులు ముద్దైపోతాయి, అప్పుడు 70 గ్రాములు తూచినా అందులో కొంత నీళ్ళే.

వేపచెట్టు
5 జనవరి, సాయంత్రం 5:25

కట్టెల బూడిద నీళ్ళతో చేస్తే? పాతకాలంలో అదే కదా వాడేవారు.

లెక్కలమాస్టారు
5 జనవరి, సాయంత్రం 6:00

బూడిదలో ఉండేది ఎక్కువగా పొటాషియం లవణాలు. దాంతో వచ్చే సబ్బు మెత్తగా, లేహ్యంలా ఉంటుంది, బిళ్ళ కట్టదు. ఫ్రాన్సులో లెబ్లాంక్ 1791లో ఉప్పు నుంచి సోడియం కార్బనేట్ తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక కాస్టిక్ సోడా కూడా విరివిగా దొరకడానికి దారి పడింది. ఆసక్తి ఉంటే బూడిదతో ఎప్పుడైనా ప్రయత్నించవచ్చు, కానీ ఒక్కో బూడిద నీరు ఒక్కో ఘాటు. ఎంత ఉందో తెలియనిదాన్ని తూచి లాభం లేదు. కొత్తవాళ్ళు మొదలుపెట్టాల్సిన చోటు అది కాదు.

నురగల్లు
5 జనవరి, రాత్రి 8:45

నా మాట వింటే మూడు నూనెల గొడవే వద్దు. అచ్చంగా కొబ్బరి నూనెతో చేయండి. ఒకే నూనె, ఒకే లెక్క, తప్పు జరిగే అవకాశం తక్కువ. గంటల్లో గట్టిపడుతుంది, తెల్లగా వస్తుంది, ఉప్పునీళ్ళలో కూడా నురగ వస్తుంది. నా మొదటి సబ్బు అదే.

చిట్టిగరిటె
5 జనవరి, రాత్రి 9:10

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే గానీ ఒక్క మాట వదిలేశావు. అచ్చ కొబ్బరి సబ్బుని ఐదు శాతం సూపర్‌ఫ్యాట్‌తో చేస్తే జిడ్డు మొత్తం ఊడ్చేస్తుంది, చర్మం బిగుసుకుపోతుంది. దానికి 20 శాతం దాకా వదలాలి. వీడియోలో 87 గ్రాములు అంటే ఐదు శాతం లెక్కే, అది గిన్నెలకీ బట్టలకీ బాగుంటుంది, పసిపిల్లల ఒంటికి కాదు. ఇంకోటి, గట్టిపడ్డాక ఆలస్యంగా కోస్తే పెళ్ళలుగా విరిగిపోతుంది.

నురగల్లు
5 జనవరి, రాత్రి 9:30

అవునక్కా, 20 శాతం సంగతి రాయడం మరిచాను. 500 గ్రాముల కొబ్బరి నూనెకి అప్పుడు 73 గ్రాముల సోడా అవుతుంది. అయినా మొదటిసారికి ఒకే నూనె మేలన్నది ఇప్పటికీ నా అభిప్రాయం.

తొలకరిచినుకు
11 జనవరి, రాత్రి 11:40

చేశానండీ! ఇప్పుడే గిన్నెలు కడిగి కూర్చున్నాను, నిద్ర రావట్లేదు, మీకే ముందు చెప్తున్నాను.

పాప వాళ్ళ నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది. కిటికీ తెరిచి, గాగుల్స్ పెట్టుకుని సోడా రేకులు చెంచాతో నీళ్ళలో వేశాను. మొదటి చెంచాకే నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కలుపుతూ ఉంటే అడుగునుంచి సన్నటి తీగల్లా ఏదో పైకి లేస్తూ కనిపించింది, బెల్లం కరిగేటప్పుడు కనిపిస్తుందే అలా. థర్మామీటర్ 84 దాకా పోయింది. ఐదు నిమిషాలకి నీళ్ళు మళ్ళీ అద్దంలా తేటగా అయ్యాయి. పట్టుకుంటే డబ్బా బయట కూడా కాలుతోంది. అది 40కి దిగేదాకా గంటకి పైగా అక్కడే కూర్చున్నాను, లేవలేదు.

నూనెలు కూడా 40 డిగ్రీలకి తెచ్చి సోడా నీళ్ళు పోశాను. బ్లెండర్‌ని ఆపి ఆపి తిప్పాను. చాలాసేపు నూనె పైన తేలుతూ పలచగానే ఉంది, ఇక అవదేమో అనుకున్నాను. పావుగంట తర్వాత ఉన్నట్టుండి చిక్కబడింది. బ్లెండర్ ఎత్తి చుక్కలు జారిస్తే పైన గీతలా నిలబడి మెల్లగా మునిగిపోయింది. మీరందరూ ట్రేస్ అనేది ఇదేనని అప్పుడు అర్థమైంది. అచ్చులో పోసి, తువ్వాలు కప్పి పెట్టాను.

కొబ్బరి నూనె సీసాలో అనుకున్నంత లేదు, 40 గ్రాములే వచ్చింది. మిగతా 110 గ్రాములు ఆలివ్ పోసి మొత్తం 500కి సరిపెట్టాను. అందువల్లే ఆలస్యంగా చిక్కబడిందా?

నురగల్లు
12 జనవరి, ఉదయం 7:05

అభినందనలండీ! ఆలివ్ ఎక్కువైతే ట్రేస్ నెమ్మదిగానే వస్తుంది, కంగారుపడకండి. అచ్చులోంచి రెండు రోజులాగి తీయండి.

వేపచెట్టు
12 జనవరి, ఉదయం 8:20

చదువుతుంటే నాకే చేయాలనిపించింది. ఫోటో పెట్టండి.

తొలకరిచినుకు
14 జనవరి, ఉదయం 10:15

ఫోటో పెట్టాను చూడండి. ఏడు బిళ్ళలు వచ్చాయి. కోయడానికి బాగానే ఉంది, కొంచెం మెత్తగా జున్నులా కోసుకుంది. కానీ పైభాగమంతా బూడిద చల్లినట్టు తెల్లటి పొడి. వేలితో రుద్దితే రాలుతోంది. ఇది సోడానే పైకి తేలిందా? చాలా దిగులుగా ఉంది.

ఆవిరి
14 జనవరి, ఉదయం 10:50

పై పొడి మటుకు పెద్ద సమస్య కాదు. ఇంకా సబ్బుగా మారని సోడా పైన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలిసి సోడియం కార్బనేట్ అవుతుంది. దాన్ని సోడా యాష్ అంటాం. మీరు బట్టల సోడా అన్నారే, పదార్థం అదే. చాలామందికి వస్తుంది. కత్తితో గీకేయొచ్చు, ఆవిరి చూపిస్తే పోతుంది. ఈసారి పోసిన వెంటనే పైన ప్లాస్టిక్ కాగితం అంటించి మూయండి, చాలావరకు రాదు.

లోపల ఎలా ఉందో మాత్రం పరీక్షించాలి. గ్లవ్స్ తొడుక్కుని బిళ్ళని ఒకసారి నీళ్ళలో కడిగి, గ్లవ్ తీసి తడి వేలితో బిళ్ళని రుద్ది, ఆ వేలిని నాలుక కొసకి తాకించండి. సబ్బు రుచి వస్తే మంచిదే. బ్యాటరీ తాకినట్టు చురుక్కుమంటే సోడా మిగిలిందని. తగలగానే నీళ్ళతో పుక్కిలించండి.

నీలిమేఘం
14 జనవరి, ఉదయం 11:20

నాలుకకి తాకించడం అవసరమా? ఆమ్లమో క్షారమో రంగుతో చూపించే పీహెచ్ కాగితాలు ఉంటాయి కదా.

ఆవిరి
14 జనవరి, ఉదయం 11:45

అడగాల్సిన ప్రశ్నే. బిళ్ళ మీద తడి చేసి అంటించే కాగితాలు తరచూ తప్పు చూపిస్తాయి. పైగా మంచి సబ్బు పీహెచ్ కూడా 9, 10 మధ్య ఉంటుంది, అదెప్పుడూ క్షారమే. అందులోంచి మిగులు సోడాని రంగు చూసి విడదీయడం కష్టం. నాలుక ఆ తేడా పట్టేస్తుంది. బిళ్ళని నేరుగా నాకకూడదు, తడి వేలు ఒక్కసారి తాకిస్తే చాలు.

తొలకరిచినుకు
14 జనవరి, మధ్యాహ్నం 12:30

చురుక్కుమంది. మూడు బిళ్ళలు చూశాను, మూడూ అంతే. 70 గ్రాములు రెండుసార్లు తూచాను, పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియడం లేదు. కాటా చెడిపోయిందా? పారేయాలా ఇక?

లెక్కలమాస్టారు
14 జనవరి, మధ్యాహ్నం 1:15

పారేయకండి తొలకరి గారూ. మీ 11వ తేదీ పోస్టు ఇప్పుడే మళ్ళీ చదివాను. కాటాలో తప్పు లేదు. ఆ రోజే నేను గమనించి చెప్పాల్సింది.

మీరు కొబ్బరి 110 గ్రాములు తగ్గించి ఆ చోట ఆలివ్ పోశారు. మొత్తం 500 అయింది, నిజమే. కానీ ఆ 110 గ్రాముల కొబ్బరి తినే సోడా వేరు, ఆలివ్ తినేది వేరు. మళ్ళీ వేద్దాం.

కొబ్బరి 40 × 0.183 = 7.32
ఆలివ్ 410 × 0.135 = 55.35
ఆముదం 50 × 0.128 = 6.4
మొత్తం 69.07

నూనెలన్నీ పూర్తిగా సబ్బైనా తినగలిగింది 69 గ్రాములు. మీరు వేసింది 70. దాదాపు ఒక గ్రాము సోడాకి పట్టుకునే నూనె దొరకలేదు, ఐదు శాతం సూపర్‌ఫ్యాట్ కూడా పోయింది. మీ నాలుక పట్టుకున్నది ఆ ఒక్క గ్రామునే. ఇదే తిరగేసి, ఆలివ్ బదులు కొబ్బరి పోసి ఉంటే ఏ చురుకూ ఉండేది కాదు, సబ్బు జిడ్డుగా మెత్తగా వచ్చేది, అంతే.

ఇప్పుడు సరిచేయడం. 70 గ్రాముల సోడా ఐదు శాతం తగ్గింపుతో సరిపోవాలంటే నూనెల మొత్తం అవసరం 73.7 ఉండాలి. మనకున్నది 69.07. లోటు 4.6. దాన్ని 0.135తో భాగిస్తే 34. అంటే 34 గ్రాముల ఆలివ్ నూనె కలిపి మళ్ళీ ఉడికిస్తే సబ్బు సరైపోతుంది.

చిట్టిగరిటె
14 జనవరి, మధ్యాహ్నం 2:00

దిగులుపడకు చెల్లీ, చేసే పద్ధతి నేను చెప్తాను. గ్లవ్స్, గాగుల్స్ మళ్ళీ వేసుకో. బిళ్ళలన్నీ తురుముకో, ఒక్క ముక్క కూడా వదలకు, లెక్క మొత్తానికి వేసింది. ఆ తురుము విదిలించొద్దు, పొడి ఎగిరి ముక్కులో పడుతుంది. స్టీలు గిన్నెలో వేసి రెండు మూడు చెంచాల నీళ్ళు చల్లు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో ఈ గిన్నె దింపి మూత పెట్టు. అరగంటకి అంచులు కరగడం మొదలవుతుంది. అప్పుడు తూచిన 34 గ్రాముల నూనె పోసి కలుపు. బ్లెండర్ వద్దు, గాలి చేరిపోతుంది, గట్టి సిలికాన్ గరిటె చాలు. గంట, గంటన్నరకి ముద్దంతా ఒకే తీరున, పారదర్శకంగా, వాసెలిన్‌లా మెరుస్తుంది. అక్కడ కొంచెం తీసి చల్లార్చి నాలుక పరీక్ష చెయ్యి. చురుకు లేకపోతే అచ్చులో అదిమి నింపు, అచ్చుని బల్లకేసి గట్టిగా కొట్టు, లోపల ఖాళీలు పోతాయి.

అచ్చులో పోసినంత నున్నగా రాదు, ముందే చెప్తున్నాను. గరుకుగా ఉంటుంది. వాడకానికి ఏ లోటూ ఉండదు.

నురగల్లు
14 జనవరి, మధ్యాహ్నం 2:40

నేనే కంగారుపడొద్దన్నాను. నూనె మారినప్పుడు లెక్క మారుతుందని తెలిసి కూడా ఆ వాక్యం చదివి దాటేశాను. క్షమించండి.

తొలకరిచినుకు
16 జనవరి, రాత్రి 10:30

మీ తప్పేం లేదండీ. నేనే కాగితం మీద లెక్క వేసుకుని కూడా, నూనె మార్చేటప్పుడు ఆ కాగితం తీయలేదు.

అక్క చెప్పినట్టే చేశాను. మొదటి అరగంట తురుము తురుముగానే ఉంది. నూనె పోసి మూత పెట్టాక అంచుల నుంచి మెల్లగా గాజులా మారుతూ వచ్చింది, మధ్యలో తెల్లటి ద్వీపం ఒకటి మిగిలింది, అది కూడా కలిసిపోయేసరికి గంటా ఇరవై నిమిషాలు. చల్లార్చి వేలితో తాకించాను. ఏమీ లేదు. ఇంకోసారి చూశాను, ఉత్త సబ్బు రుచి. ఏడ్చినంత పనైంది.

గరుకుగానే ఉంది. నాకు మాత్రం ముద్దొస్తోంది.

పచ్చగడ్డి
17 జనవరి, సాయంత్రం 4:10

నేనూ కొత్తే, ఈ చర్చ మొత్తం చదివి ఆదివారం చేద్దామనుకుంటున్నాను. లవంగ నూనె వాసన నాకు ఇష్టం, నీళ్ళ బదులు పాలు పోస్తే ఇంకా మంచిదని విన్నాను. రెండూ వేయొచ్చా?

చిట్టిగరిటె
17 జనవరి, సాయంత్రం 5:00

మొదటిసారికి రెండూ వద్దు తల్లీ. లవంగ నూనె పడిన నిమిషంలో ముద్ద గడ్డకట్టుకుపోతుంది, అచ్చులో పోయడానికి సమయం ఉండదు. మోతాదు దాటితే చర్మం మీద మంట కూడా. పాలల్లో చక్కెర ఉంటుంది, సోడా వేడికి అది మాడి నారింజ రంగుకి తిరుగుతుంది, వాసన వస్తుంది. పాలు గడ్డకట్టించి, ఆ ముక్కల మీద సోడా కొంచెం కొంచెంగా వేస్తూ చేస్తారు. ఒట్టి నీళ్ళతో, ఏ వాసనా లేకుండా ఒకటి చేశాక అప్పుడు వాటి జోలికి వెళ్ళు. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

పచ్చగడ్డి
17 జనవరి, సాయంత్రం 5:15

సరే అమ్మా. ఆదివారానికి ఒట్టి నీళ్ళే.

నీలిమేఘం
20 జనవరి, ఉదయం 8:30

తొలకరి గారూ, ఉడికించారు కదా, సబ్బు అయిపోయినట్టే. ఇక వాడేయొచ్చా, లేక అందరూ ఆరబెట్టినట్టు ఆరు వారాలు ఆగాలా?

ఆవిరి
20 జనవరి, ఉదయం 9:00

సోడా పరంగా వాడొచ్చు. కానీ ఆగితే మేలు. ఆరబెట్టడం సోడా తగ్గడానికే అని చాలామంది అనుకుంటారు, ఆ పని మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దాదాపు అయిపోతుంది. తర్వాత వారాల్లో నీళ్ళు ఆవిరై బిళ్ళ గట్టిపడుతుంది, నురగ మెరుగవుతుంది. లేత సబ్బు రెండు స్నానాలకే కరిగి జారిపోతుంది. ఆలివ్ ఇంత ఎక్కువున్న సబ్బుకి నాలుగు నుంచి ఆరు వారాలు కనీసం, అచ్చ ఆలివ్ అయితే ఆరు నెలలు, ఏడాది కూడా ఆగేవాళ్ళున్నారు. బిళ్ళలు ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడేచోట, ఎండ పడకుండా నిలబెట్టండి. వారానికోసారి తిప్పండి.

తొలకరిచినుకు
1 మార్చి, ఉదయం 7:30

ఆరు వారాలు దాటింది. ప్రతి ఆదివారం ఒకే బిళ్ళని తూచి గోడ మీది క్యాలెండర్‌లో రాస్తూ వచ్చాను. మొదటి రోజు 106 గ్రాములు. నెల తిరిగేసరికి 95. గత రెండు వారాలుగా 94 దగ్గర ఆగిపోయింది. గోరు నొక్కినా దిగడం లేదు.

నిన్న నేను స్నానానికి వాడాను. నురగ సన్నగా, మీగడలా ఉంది, పెద్ద పెద్ద బుడగలు లేవు, కొబ్బరి తక్కువవడం వల్లనేమో. ఒళ్ళు బిగుసుకోలేదు. ఇవాళ పొద్దున మా పాపకి ముందు మోచేతి దగ్గర రాసి, కాసేపు ఆగి, తర్వాత చేతులు కడిగించాను. బిళ్ళ గరుకుని వేళ్ళతో తడుముతూ "దీనికి ముడతలున్నాయేంటమ్మా" అంది. రెండుసార్లు పుట్టింది కదా అని చెప్పాను.

ఇక రెండోది మొదలుపెడుతున్నాను. ఈసారి నువ్వుల నూనె కూడా కలుపుతున్నాను, దానికి 0.134 అని చూశాను. నూనెలన్నీ ముందే తూచి గిన్నెలో పోసి, ఆ తర్వాతే లెక్క వేశాను. సోడా డబ్బా ఇంకా దింపలేదు. మాస్టారూ, ఒకసారి చూసి చెప్తారా?

కొబ్బరి 120 × 0.183 = 21.96
ఆలివ్ 160 × 0.135 = 21.6
నువ్వుల నూనె 80 × 0.134 = 10.72
ఆముదం 40 × 0.128 = 5.12
మొత్తం 59.4, ఐదు శాతం తీసేస్తే 56.43
సోడా 56 గ్రాములు, నీళ్ళు 112

లెక్కలమాస్టారు
1 మార్చి, ఉదయం 8:05

మళ్ళీ వేసి చూశాను, సరిగ్గా ఉంది. కొబ్బరి 30 శాతం ఉంది కాబట్టి ఈసారి బుడగలు వస్తాయి. నువ్వుల నూనెని 20 శాతం దాటనీయకండి, ఎక్కువైతే కొన్ని నెలలకి సబ్బు మీద నారింజ మచ్చలు పడి పాడైన నూనె వాసన వేస్తుంది. పోసిన వెంటనే పైన కాగితం మూయండి.

డబ్బా దింపండి.